చెవి అందితే సరిపోదు: బడికి ముందటి మూడేళ్ల గురించి



ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరుగా పదవీ విరమణ చేసిన మన సారు స్మృతిలో మాట్లాడేటప్పుడు ఒకటో తరగతి గురించి మాట్లాడటం రివాజు. నేను ఒకటో తరగతికి ముందటి మూడేళ్ల గురించి మాట్లాడతాను. సారు బతికి ఉంటే ఆయనే ఈ విషయం తీసుకొమ్మనేవారు. ఒకటో తరగతి చెప్పిన ప్రతి టీచరుకూ తెలిసిన సంగతి ఒకటున్నది. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ఏ పిల్ల నిలదొక్కుకుంటుందో, ఏ పిల్ల వెనకబడుతుందో సుమారుగా కనిపిస్తుంది. అప్పటికి మనం ఇంకా ఒక్క అక్షరం కూడా చెప్పలేదు.

చదువు మొదలుపెట్టడానికి మన ప్రాంతం పెట్టింది పేరు. గోదావరి ఒడ్డున బాసర ఉన్నది. నిన్నమొన్నటి దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే, 2016లో జిల్లాలు విడదీసినాక నిర్మల్‌లోకి పోయింది. శ్రీపంచమి వచ్చిందంటే పలకాబలపాలతో, కొత్త బట్టలతో, చంకలో పిల్లలతో జనం క్యూ కడతారు. అటు మహారాష్ట్ర నుంచి కూడా వస్తారు. పిల్లవాడి వేలు పట్టి అక్షరాలు దిద్దిస్తారు, వాడు ఏడుస్తాడు, ఫోటో తీసుకుంటాం, ప్రసాదం తీసుకొని బస్సెక్కుతాం. ఆ మర్నాటి నుంచి బడిలో పేరు రాసే దాకా ఆ పిల్లవాడికి ఎవరు ఏం చెప్తున్నారు, వాడితో ఎవరు మాట్లాడుతున్నారు అనేది మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండదు.

నా తరంవాళ్లను బడిలో వేసిన పద్ధతి ఈ సభలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పుట్టినతేదీ కాగితం ఏ ఇంట్లోనూ ఉండేది కాదు. కుడిచేయి తల మీదుగా తిప్పి ఎడమ చెవిని పట్టుకొమ్మనేవారు. చెవి అందితే బడి వయసు వచ్చినట్టు, అందకపోతే వచ్చే ఏడు రమ్మనేవారు. తేదీ హెడ్మాస్టరే వేసేవారు. అందుకే మా తరంలో చాలామంది రికార్డుల్లో జూన్, జూలై నెలల్లోనే పుట్టారు. ఆ కొలతను నేను ఎగతాళి చేయను. ఆరేళ్లు వచ్చేసరికి చేయి అంత పొడుగు సాగుతుంది, కాబట్టి వయసు తెలుసుకోవడానికి అది పనికివచ్చింది. కానీ అది వయసు ఒక్కటే చెప్పింది. ఆ చేయి ఇంతకుముందు ఏం పట్టుకున్నదో, ఆ చెవిలో ఎన్ని మాటలు పడ్డాయో చెప్పలేదు.

ఇప్పుడు పుట్టినతేదీ పత్రాలు వచ్చాయి, ఆధార్ వచ్చింది. కొలత కూడా మారింది. తల్లిదండ్రులు పిల్లను ముందుకు తోసి “సారూ, మా బిడ్డ ఏబీసీడీలు చెప్తది, నూరు దాకా లెక్క చెప్తది” అంటారు. సారు దగ్గర పనిచేసినవారు చెప్పేది ఏమంటే, ఆయన టేబుల్ సొరుగులో ఎప్పుడూ గుప్పెడు చింతగింజలు ఉండేవట. నూరు దాకా గడగడా అప్పజెప్పిన పిల్ల ముందర వాటిని పోసి “నాకు ఏడు గింజలు ఇయ్యి బిడ్డా” అనేవారట. చాలామంది గుప్పిట్లోకి వచ్చినన్ని తీసి ఇచ్చేవారు. మరి కొందరు ఒక్కొక్క గింజా తీస్తూ ఒకటి, రెండు అని మొదలుపెట్టి, ఏడు దగ్గర ఆగకుండా గింజలు అయిపోయేదాకా లెక్కపెట్టేవారు. అడపాదడపా ఒక పిల్ల ఏడు తీసి, ఆగి, సారు మొహంలోకి చూసేది. ఆ పిల్ల ఏ ఎల్కేజీకీ పోయి ఉండకపోవచ్చు. ఇంట్లో నానమ్మతో ఓమనగుంతలు ఆడి ఉంటుంది, లేదంటే మంచి టీచరమ్మ ఉన్న అంగన్‌వాడీకి పోయి ఉంటుంది.

ఈ ఒక్క గింజల ఆటలో ఏమేం ఉన్నాయో చూడండి. ఒక్కో అంకెకు ఒక్కో గింజే కావాలని తెలియాలి. చివర చెప్పిన అంకే మొత్తం లెక్క అని తెలియాలి. ‘ఏడు’ అని సారు అన్న మాటను తీస్తున్నంతసేపూ మనసులో పెట్టుకోవాలి. ఇంకా గింజలు ఉన్నా, తీయాలని చేయి ఉబలాటపడుతున్నా, ఆగాలి. ఆగడం అనేది గణితం పుస్తకంలో ఉండదు. కానీ అది రాని పిల్ల కూడికల దగ్గర తప్పకుండా తడబడుతుంది. వరుసలో తన వంతు దాకా ఉండటం, చెప్పిన కథలో ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని గుర్తుపెట్టుకోవడం, ‘పలక’లో మొదటి చప్పుడు, ‘పండు’లో మొదటి చప్పుడు ఒకటేనని చెవితో పట్టుకోవడం ఇవన్నీ ఆ వరుసలోనివే. తెలుగు అక్షరాలు యాభైకి పైనే. వాటి మీద గుణింతాలు, వాటి మీద వొత్తులు. ఈ లిపిని పూర్తిగా పట్టుకోవడానికి పిల్లలకు ఏళ్లు పడుతుంది. అంత పని ముందున్న పిల్లకు మూడేళ్లప్పుడే బలపం ఇచ్చి ‘అ’ను వందసార్లు దిద్దించడం కంటే, చప్పుళ్లతో ఆడించి, కథలు చెప్పించి, మట్టి పిసికించి, వేళ్లకు బలం వచ్చేలా చేయడం ముఖ్యం. ఈ పనికి మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా టైము ఉన్నది.

సిరిసిల్ల నుంచి వచ్చినవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి వారి మరమగ్గాల భాషలోనే చెప్తాను. సాంచె మీదికి ఎక్కకముందే పడుగు తయారు కావాలి. పోగు ఎక్కడ తెగి ఉన్నా, ఎక్కడ వదులైనా, తర్వాత సాంచె ఎంత మంచిదైనా బట్టలో ఆ లోపం కనిపిస్తుంది. బట్ట కొనేవాడు మాత్రం పడుగు తోడినవాడిని ఎన్నడూ చూడడు.

మన దగ్గర ఈ పడుగు తోడే పని ఎవరి చేతిలో ఉన్నదో చూద్దాం. ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైంది. ఇప్పుడు తెలంగాణలో సుమారు 35,700 అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. ఆ పథకం కింద ఇవ్వవలసిన ఆరు సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. మిగతావి తిండి, టీకాలు, ఆరోగ్య పరీక్ష, రెఫరల్, తల్లులకు ఆరోగ్య విద్య. ఆ ఆరింటిలో అయిదింటిని ఎవరైనా వచ్చి లెక్క చూస్తారు. ఎన్ని గుడ్లు వచ్చాయి, ఎంత బాలామృతం పంచారు, ఎంతమంది బరువు తూచారు అన్నదానికి రిజిస్టరు ఉన్నది, ఫోనులో యాప్ ఉన్నది. ఒక పిల్ల ఈ రోజు ఎన్ని మాటలు మాట్లాడింది అనేదానికి గడి ఏ రిజిస్టరులోనూ లేదు.

ఒక ఉదయం చూడండి. జగిత్యాల వైపు బీడీలు చుట్టే తల్లులు ఎక్కువగా ఉండే ఊరు. టీచరమ్మ తాళం తీసి, ఫోనులో హాజరు వేయడానికి సిగ్నల్ కోసం గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఆయమ్మ పొయ్యి ముట్టించింది. పిల్లలు ఒక్కొక్కరే వస్తున్నారు, ఒక తల్లి పిల్లవాడిని గుమ్మం దగ్గరే దించి చాట ముందుకు పోవాలని తొందర పడుతున్నది. టీచరమ్మ పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి కాకి, నక్క కథ అందుకున్నది. నక్క పాడమని అడిగేచోట ఆపి “మరి కాకి ఏం చేసి ఉంటది?” అన్నది. నాలుగేళ్ల పిల్ల ఒకతె లేచి “పాడది. అది మస్తు తెలివైంది, మొదలు రొట్టె కాలి కింద పెట్టుకుంటది, అప్పుడు పాడ్తది” అన్నది. కథను తనే మార్చేసింది. నేను చూసిన బడుల్లో ఇంత మంచి సమాధానం అయిదో తరగతిలో కూడా అరుదు. టీచరమ్మ మొహం వెలిగింది, “ఎందుకట్ల?” అని అడగబోయింది. అంతలో గర్భిణులు భోజనానికి వచ్చారు. ఆరోగ్యలక్ష్మి కింద వాళ్లకు కేంద్రంలోనే వడ్డించాలి. 2015 నుంచి ఉన్న మంచి పథకం, దాన్ని తప్పుపట్టలేం. టీచరమ్మ లేచింది. పిల్లలకు రంగుల పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టింది. ఆ “ఎందుకట్ల?” ఎవరూ అడగకుండానే ఆ పూట గడిచిపోయింది. భోజనం కాగానే పిల్లలు ఇళ్లకు పోయారు.

ఆ టీచరమ్మకు చదువు చెప్పడం రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చెప్పే చేయి ఒక్కటే, చేయాల్సిన పని ఆరు చేతులది. 2017లో ఈ రాష్ట్రం వాళ్లను ‘టీచర్’ అని పిలవడం మొదలుపెట్టింది, గౌరవ వేతనం 10,500 రూపాయలకు పెంచింది. 2021లో అది 13,650 అయింది. సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో అంగన్‌వాడీ ఉద్యోగులకు గ్రాట్యుటీ హక్కు ఉన్నదని తీర్పు ఇచ్చింది. అయినా 2023 సెప్టెంబరులో మన దగ్గర అంగన్‌వాడీలు సమ్మెకు దిగాల్సి వచ్చింది. పేరు ‘టీచర్’ అయింది, జీతం ‘గౌరవం’ దగ్గరే ఆగింది. సమ్మె రోజుల్లో తాళాలు పగలగొట్టి కేంద్రాలు తెరిపించాలని హడావుడి పడ్డవారు, మామూలు రోజుల్లో ఆ తాళం వెనక ఏం జరుగుతున్నదో కూడా అంతే పట్టింపుగా అడిగి ఉంటే బాగుండేది.

ఒక్క చేయి తోడైతే ఏమవుతుందో తమిళనాడులో లెక్కగట్టి చూశారు. కార్తీక్ మురళీధరన్, అలెహాంద్రో గానిమియన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అనే ఆర్థికవేత్తలు 640 అంగన్‌వాడీ కేంద్రాలు తీసుకొని, కొన్నింటిలో చదువు కోసమే అర్ధపూట పనిచేసే మరో కార్యకర్తను పెట్టించారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే ఆ కేంద్రాల్లో పిల్లలకు చదువు చెప్పే సమయం రెట్టింపయింది. లెక్కల్లో, భాషలో పిల్లలు స్పష్టంగా ముందుకు పోయారు. ఇంకో విశేషం ఏమంటే, పోషణలో కూడా మెరుగుదల కనిపించింది. పాత కార్యకర్తకు ఊపిరి దొరికింది, తల్లుల దగ్గరికి పోయి మాట్లాడేందుకు తీరిక దొరికింది. కొత్త భవనం, ఖరీదైన బొమ్మలు, స్మార్ట్ టీవీ ఏవీ అక్కర్లేకుండానే ఇదంతా జరిగింది.

చిన్నప్పటి చదువు ఫలితం ఎంతకాలం నిలుస్తుందో చూడాలంటే అమెరికాకు పోవాలి. అక్కడ 1962లో మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటి పట్టణంలో పెర్రీ ప్రీస్కూల్ అనే ప్రయోగం మొదలైంది. 123 మంది పేద నల్లజాతి పిల్లల్లో కొందరికి మూడు, నాలుగేళ్ల వయసులో మంచి శిక్షణ ఇచ్చి, అందరినీ నడివయసు దాకా గమనించారు. తెలివితేటల పరీక్షల్లో వచ్చిన ఆధిక్యం కొన్నేళ్లకే కరిగిపోయింది. కానీ చదువు పూర్తి చేయడంలో, సంపాదనలో, పోలీసు కేసుల్లో ఇరుక్కోకపోవడంలో తేడా పెద్దయ్యాక కూడా మిగిలింది. మార్కులు పోయినా నిలబడి పని చేసే గుణం మిగిలిందన్నమాట. ‘మా పిల్ల ఎల్కేజీలో ఫస్ట్’ అని మురిసే తల్లిదండ్రులు ఈ ముక్క ఒకసారి మనసుకు తెచ్చుకోవాలి.

ఎల్కేజీ మాట వచ్చింది కాబట్టి కరీంనగర్ సంగతి చెప్పాలి. ఈ జిల్లా పిల్లలు ప్రపంచ పరిశోధనలో ఉన్నారని చాలామందికి తెలియదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లలను గమనిస్తున్నది. వాళ్లు ఎంచుకున్న జిల్లాల్లో కరీంనగర్ ఒకటి. అందులో ఎనిమిదేళ్ల పిల్లల్లో ప్రైవేటు బడికి పోయేవారు 2002లో 24 శాతం ఉండగా, 2009 నాటికి 44 శాతం అయ్యారు. అబ్బాయిని కాన్వెంటుకు, అమ్మాయిని సర్కారు బడికి పంపే ఇళ్లు ఎన్నో తేలాయి. ఈ విభజన ఒకటో తరగతిలో మొదలుకాలేదు. అంతకుముందే, మూడేళ్లప్పుడు, పసుపురంగు వ్యాను ఎవరింటి ముందు ఆగుతుంది అన్నచోట మొదలైంది.

వ్యాను ఎక్కించే తల్లిని నేను తప్పుపట్టను. భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. ఆమె ఒక్కతే బీడీల చాట ముందు కూర్చుంటుంది. పిల్ల పొద్దున పోయి సాయంత్రం వస్తే ఆమెకు వెయ్యి బీడీలు అవుతాయి. అంగన్‌వాడీ ఆమెకు ఆ గంటలు ఇవ్వదు. పైగా వ్యాను ఎక్కే పిల్లకు టై ఉంటుంది, డైరీ ఉంటుంది, పట్నంలో కనబడే దర్జా ఉంటుంది. కానీ ఆ తరగతి గదిలోకి తొంగిచూస్తే ఏముంది? నలభైమంది చిన్నపిల్లలు బెంచీల మీద. గోడ మీద ఇంగ్లీషు అక్షరాలు. టీచరు చెప్తే పిల్లలు అరుస్తారు. హోంవర్కు నాలుగు పేజీలు. కథ లేదు, మట్టి లేదు, “ఎందుకట్ల?” అనే ప్రశ్న ఇక్కడా లేదు. అంగన్‌వాడీలో టీచరుకు టైము లేక అడగలేదు, ఇక్కడ సిలబస్‌లో లేక అడగలేదు. నూరు దాకా అప్పజెప్పి ఏడు గింజలు ఇవ్వలేని పిల్ల ఈ రెండు దారుల్లో ఏ దారినుంచైనా రావచ్చు.

ఈ మాట నా ఒక్కడిదే అయితే మీరు పట్టించుకోనక్కర్లేదు. ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ కలిసి 2011 నుంచి అయిదేళ్లపాటు రాజస్థాన్, అస్సాంలతో పాటు మన ప్రాంతంలో కూడా వేలమంది పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా వెంబడించి చూశారు. చాలామంది పిల్లలు నాలుగేళ్లకే ఏదో ఒక చోటికి పోతున్నారు. అయినా అయిదేళ్లకు బడికి కావలసిన సన్నద్ధత వాళ్లలో చాలా తక్కువగా ఉన్నది. అంగన్‌వాడీ అయినా, ప్రైవేటు అయినా, ఆటపాటల ఆధారంగా వయసుకు తగిన పని ఎక్కడ జరిగిందో అక్కడి పిల్లలే మెరుగ్గా వచ్చారు. అయిదేళ్లప్పుడు ఉన్న ఆ సన్నద్ధత తర్వాతి తరగతుల చదువులో కూడా కనబడింది. ఇంకొకటి కూడా తేలింది. మన పిల్లలు కాగితం మీద ఉన్నట్టు అంగన్‌వాడీ, ఒకటి, రెండు అని వరుసగా పోరు. నాలుగేళ్లకే ఒకటో తరగతిలో కూర్చునేవారు ఉంటారు, ఒకటి నుంచి మళ్లీ యూకేజీకి వచ్చేవారు ఉంటారు. 2022 అసర్ సర్వేలో గ్రామీణ తెలంగాణలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు అయిదు శాతం దగ్గర ఆగిపోయారంటే, కరోనా మూతలతో పాటు ఈ తారుమారు పునాదికి కూడా అందులో వాటా ఉన్నది.

చట్టం సంగతి క్లుప్తంగా. ‘ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం’ కేసులో 1993లో సుప్రీంకోర్టు చదువును ప్రాథమిక హక్కు అన్నది. అప్పటి 45వ అధికరణం పుట్టినప్పటినుంచి పద్నాలుగేళ్ల దాకా పిల్లలందరి గురించి చెప్పేది. 2002లో 86వ సవరణతో ఆ హక్కు రాజ్యాంగంలోకే వచ్చింది, కానీ ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి. ఆరేళ్ల లోపు పిల్లలను ‘రాజ్యం ప్రయత్నించాలి’ అన్న వాక్యంలోకి నెట్టారు. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ కూడా ‘ఏర్పాట్లు చేయవచ్చు’ అన్నచోటే ఆగింది. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశగా చూడమన్నది. మాట బాగున్నది. హక్కు మాత్రం ఇంకా ఆరేళ్ల దగ్గరే మొదలవుతున్నది.

ఇక ఆదిలాబాద్ వైపు పోదాం. అక్కడ కథ వేరు. కరీంనగర్ పిల్లకు టీచరు తీరిక దొరకదు. ఉట్నూరు, జైనూరు గూడేల పిల్లకు తీరికతో పాటు భాష కూడా దొరకదు. దాహం వేసిన గోండు పిల్ల ‘ఏర్’ అంటుంది. కేంద్రంలో టీచరు లంబాడా తండా నుంచో, తెలుగు ఊరినుంచో వచ్చి ఉంటే ఆ మాట అర్థం కాదు. మూడేళ్ల పిల్ల రెండుసార్లు అడుగుతుంది, మూడోసారి అడగదు. కొన్నాళ్లకు నోరు మూసుకొని కూర్చోవడం నేర్చుకుంటుంది. ఆ నిశ్శబ్దాన్ని మనం క్రమశిక్షణ అని మెచ్చుకుంటాం కూడా. ఆ పిల్ల ఒకటో తరగతికి వచ్చేసరికి, భాష రాని బడిలో ఎలా బతకాలో మూడేళ్లు సాధన చేసి వస్తుంది.

ఈ సంగతిని ఎనభై ఏళ్ల కిందటే ఇదే జిల్లాలో పట్టుకున్నారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగినాక నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి తెలుసుకొమ్మని మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో మకాం పెట్టారు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. గోండు టీచరు, గోండు పిల్లలు, గోండి పుస్తకం. తర్వాత ఆ పనిలో సేతు మాధవరావు పగ్డీ వంటి అధికారులు తోడుగా నిలిచారు. 1956 తర్వాత బడులు తెలుగులోకి వచ్చాయి, ఆ వాచకాలు మూలపడ్డాయి. బెట్టీ 1987లో కన్నుమూశారు, ఆమె సమాధి మార్లవాయిలోనే ఉన్నది. ఏటా దండలు వేస్తాం, నాయకులు ఉపన్యాసాలు ఇస్తారు. ఆమె భర్త మొదలుపెట్టిన గోండి వాచకాల గురించి అక్కడ మాట్లాడేవారు తక్కువ.

మన పెద్దలకు ఈ బాధ కొత్తది కాదు. నిజాం రాజ్యంలో తెలుగు పిల్లలు ఉర్దూ చదువుల్లో కూర్చొని పడ్డ అవస్థ తెలంగాణలో ప్రతి పాత ఇంట్లో చెప్పుకున్నదే. మా భాష మాకు కావాలని పోరాడి సాధించుకున్న మనం, పక్క గూడెం పిల్ల ముందర అదే ఉర్దూ బడి పంతులులా కూర్చున్నాం. ఈ మాట కొందరికి కటువుగా ఉండవచ్చు, ఉండనీయండి.

2004లో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో గోండి, కోలామీ, బంజారా మన ఆదిలాబాద్‌వి. పుస్తకాలు తెలుగు లిపిలో, పాటలు, కథలు పిల్లల భాషలో. మంచి పుస్తకాలే వచ్చాయి. కానీ ఆ పని ఒకటో తరగతిలో మొదలైంది. పిల్ల అప్పటికే మూడేళ్లు కేంద్రంలో నోరు మూసుకొని వస్తే, ఒకటో తరగతిలో ఇచ్చిన గోండి పుస్తకం ఆలస్యంగా వచ్చిన మందే. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. గర్వించాల్సిన సంగతే. గూడెం అంగన్‌వాడీలో గోండి మాట్లాడే ఆయమ్మ ఉంటేనే ఆ లిపికి రేపు చదివేవాళ్లు కూడా ఉంటారు.

సహ్యాద్రి అవతల వార్లీ ఆదివాసుల మధ్య తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ బడికి ముందటి పిల్లలకు వాళ్ల చుట్టూ ఉన్నవాటితోనే చెప్పే పనిని ఆచరణలో చేసి చూపారు. తారాబాయి అంతకుముందు భావనగర్‌లో గిజుభాయి బధేకా దగ్గర బాలమందిరంలో పనిచేసింది. పిల్లలు బడికి రాకపోతే వీళ్లు పిల్లల వాకిట్లోకే పోయారు. 1945లో బోర్డీలో మొదలుపెట్టి 1957లో కోస్బాడ్ కొండకు మారారు. ఆకులు, గింజలు, గులకరాళ్లు వాళ్ల బోధన సామగ్రి. తమ్ముణ్ణి ఎత్తుకొని వచ్చే అక్కను వెనక్కి పంపకుండా, తమ్ముడికి ఊయల కట్టారు. మన కోలాం గూడేలకు ఇంతకంటే దగ్గరి నమూనా ఇంకెక్కడా లేదు. విప్పపూలు, మోదుగాకులు, తునికి పండ్లు అక్కడి పిల్లల చేతిలో రోజూ ఉండేవే. వాటితో లెక్క, రంగు, చిన్నదీ పెద్దదీ అన్నీ చెప్పవచ్చు. బదులుగా మనం యాపిల్, ఏనుగు, జీబ్రా బొమ్మల చార్టు పంపిస్తాం.

గూడేలకు జనాభా లెక్క కూడా అడ్డం. అంగన్‌వాడీ పెట్టాలంటే గిరిజన ప్రాంతంలో కనీసం మూడు వందల జనం ఉండాలని, మినీ కేంద్రానికి నూటయాభై ఉండాలని నిబంధన. పాతిక ఇళ్ల కోలాం గూడెం ఈ జల్లెడలో నిలవదు. మినీ కేంద్రం వచ్చినా ఏళ్ల తరబడి దానికి ఆయమ్మ ఉండేది కాదు. ఒక్క మనిషే వండాలి, వడ్డించాలి, చదువు చెప్పాలి. ఆరేళ్ల లోపు పిల్లలు నలభైమంది ఉన్న ఏ ఆవాసమైనా అడిగితే కేంద్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరులో చెప్పింది. 2023 నవంబరులో వచ్చిన పీఎం జన్‌మన్ పథకం కోలాం, తోటి వంటి తెగల ఆవాసాలకు అంగన్‌వాడీలు ఇస్తామన్నది. అడిగేవాళ్లు లేకపోతే ఈ హక్కులు కాగితం మీదే ఉంటాయి. ఊరి సర్పంచి రోడ్డు అడిగినట్టే వీటినీ అడగాలి.

చివరగా ఒక మాట. మనం ఎప్పుడూ ‘పిల్ల బడికి తయారా?’ అనే అడుగుతాం. బడి పిల్లకు తయారుగా ఉన్నదా అని ఎవరూ అడగరు. అంగన్‌వాడీలో కథ చెప్పిన పిల్ల జూన్‌లో ఒకటో తరగతికి వచ్చి, మొదటి రోజే పలక ముందు కూర్చొని నాలుగు గంటలు కదలకుండా ఉండాలంటే, ముందటి మూడేళ్ల పని నాలుగు వారాల్లో పాడవుతుంది. బడి మొదటి నెలలు ఆటపాటలతోనే నడవాలి. విద్యాశాఖ అంగన్‌వాడీని తన పక్కింటిదిగా చూస్తుంది, మహిళా శిశు సంక్షేమ శాఖ బడిని పై ఊరిదిగా చూస్తుంది. చాలా ఊళ్లలో రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి. గోడ ఒకటే, మధ్యలో తలుపు లేదు.

ఈ సభలో ఉన్నవారిని నేను మూడు పనులు అడుగుతున్నాను. ఎమ్మెల్యేలు, జడ్పీ పెద్దలు అంగన్‌వాడీ భవనానికి రంగులు వేయించే ముందు, తమిళనాడులో పరీక్షించి చూసినట్టు, చదువు కోసం అర్ధపూట మరో మనిషిని పెట్టమని ప్రభుత్వాన్ని అడగాలి. ఉట్నూరు ఐటీడీఏ పరిధిలో టీచర్, ఆయమ్మల ఖాళీలు నింపేటప్పుడు, కనీసం ఇద్దరిలో ఒకరు ఆ గూడెం భాష మాట్లాడేవారై ఉండాలి. మూడోదానికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. జూన్ రెండో వారంలో బడులు తెరుచుకుంటాయి. అంతకుముందు ఒక పూట మీ ఊరి ఒకటో తరగతి టీచరు, అంగన్‌వాడీ టీచరు పక్కపక్కన కూర్చొని రాబోయే ఒక్కో పిల్ల గురించి మాట్లాడుకోవాలి. ఏ పిల్ల మాట్లాడుతుంది, ఏ పిల్ల బెదురుతుంది, ఏ పిల్ల ఇంట్లో ఏ భాష, ఎవరికి చూపు సరిగా లేదు, ఎవరికి వినికిడి తక్కువ అన్నీ చెప్పుకోవాలి. సారు శిష్యుల్లో టీచర్లు చాలామంది ఉన్నారు, సర్పంచులుగా చేసినవారు ఉన్నారు. మీ ఊళ్లో ఆ పూట ఏర్పాటు చేయించండి. టీకి, బిస్కెట్లకు అయ్యే ఖర్చు సారు పేరున ఉన్న ఈ ధర్మనిధి వడ్డీలోంచి ఇవ్వమని నిర్వాహకులను ఈ వేదిక మీదినుంచే కోరుతున్నాను.